నొక్కింది ఇల్లు, పలికింది ఊరు

ఆ ఆదివారం పొద్దున్న జగ్గయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక మేకపోతు, పదీ పన్నెండు ఇళ్ళు, ఇంటికొకరు. మధ్యాహ్నానికి భోజనాలు ముగించి, మంచం నీడలోకి లాక్కుని, సాయంత్రం దాకా గుర్రు పెట్టాలి. అంతకు మించి ఆయన దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

ఆ పోతు మొక్కుబడిది. కిందటి వేసవిలో పక్కవాళ్ళ చెరకు తోట అంటుకుంది. మంట జగ్గయ్య గట్టు దాకా వచ్చి, ఎందుకో మనసు మార్చుకుని వెనక్కి తిరిగిపోయింది. మంట గట్టు మీదున్నప్పుడు జగ్గయ్య అమ్మవారికి పోతును మొక్కుకున్నాడు. పూర్తిగా ఆరాక కోడితో సరిపెడితే ఏమవుతుందా అని ఆలోచించిన మాట కూడా నిజమే. భార్య అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు.

చోడవరం పక్కనున్న వాళ్ళ గెడ్డపాలెంలో పిలుపులు మూడు రకాలు. మొదటిది 'ఇంటికొకరు'. అంటే ఇంట్లోంచి ఒక మనిషి వచ్చి, తిని, ఆ ఇంటి పరువు నిలబెట్టి వెళ్ళాలి. రెండోది 'ఇంటిల్లిపాదీ'. అంటే చంకలో పిల్లతో సహా రావాలి. మూడోది 'పొయ్యి వెలిగించొద్దు'. అది ఊరు మొత్తానికి. ఆ పిలుపు అందుకుని ఇంట్లో వంట చేసుకుంటే పిలిచినవాణ్ణి ముఖం మీద కొట్టినట్టే. అలా పిలిచి కడుపు నిండా పెట్టలేకపోయినవాడు మళ్ళీ చోడవరం సంతలో వంకాయలు కూడా తలెత్తుకుని కొనలేడు.

ఈ పిలుపుల దగ్గరే జగ్గయ్యకు వాళ్ళ బావ గణపతిరావుతో చెడింది. గణపతిరావు జగ్గయ్య అప్ప, అంటే తోడబుట్టిన అక్క, మహాలక్ష్మమ్మ మొగుడు. కింద వీధిలో జగ్గయ్య, పై వీధిలో ఆయన. కూతురు గౌతమి బారసాలకి పిలవడానికి వెళ్ళిన జగ్గయ్య పై వీధి మొత్తానికి ఒకే పాట పాడుకుంటూ పోయాడు: ఇంటికొకరు, ఇంటికొకరు, ఇంటికొకరు. ఆ పాట ఆడపడుచు గుమ్మం దగ్గర కూడా మారలేదు. గణపతిరావు సరిగ్గా ఒక్కడే వచ్చాడు. పెళ్ళాన్ని గుమ్మంలో వదిలేసి వచ్చాడు. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, నలుగురూ వినేలా ఒక మాట అన్నాడు: "మా బామ్మర్ది ఇంట్లో మెతుకులు లెక్కెట్టి ఒడ్డిస్తారు." అంతే, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అప్పటి చంటిది గౌతమి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆ మాట కూడా ఆమెతో సమానంగా పెరిగి పెద్దదయింది.

గౌతమి విశాఖపట్నంలో మ్యాపులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. వారం చివర ఇంటికి వచ్చినప్పుడు, సర్పంచి పెదబాబు అడిగాడని, ఊరికి ఒక మ్యాపు చేసిపెట్టింది. ఫోను తెరిస్తే అందులో ఊరంతా కనిపిస్తుంది. ఇళ్ళు ఎర్ర చుక్కలు, వీధులు పసుపు పట్టీలు, మిగతా ఊరంతా ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద నొక్కితే ఊళ్ళో అందరి ఫోన్లూ మోగి, కుళాయి ఎప్పుడు వదులుతారో పెదబాబు గొంతు చెబుతుంది. ఈసారి నాన్న కోసం గౌతమి దానికి కొత్త ముచ్చట ఒకటి చేర్చింది. ఎర్ర చుక్క మీద నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'పిలువు' అని ఒక బటను. అది నొక్కితే జగ్గయ్య గొంతు ఆ ఒక్క ఇంటికి వెళ్ళి పిలిచి వస్తుంది. చెప్పులు అరగవు.

"నాన్నా, నీ గొంతు రికార్డు చేస్తాను. మూడు రకాల పిలుపులూ చెప్పేయ్. మొదటిది ఇంటి చుక్కకి, రెండోది వీధికి, మూడోది ఊరికి కడతాను. మనం వాడేది మొదటిదే గానీ మిగతావి ఖాళీగా ఉంటే బావుండదు," అంది గౌతమి.

జగ్గయ్య గొంతు సవరించుకున్నాడు. ఇంటికొకరు పిలుపు ముక్తసరిగా చెప్పాడు. అది నిజంగా వెళ్ళేది కాబట్టి అందులో జాగ్రత్త ఉంది. ఇంటిల్లిపాదీ పిలుపులో కాస్త నెయ్యి వేశాడు: "పిల్లల్ని ఇంట్లో ఒగ్గేసి రాకండి, నాకు కోపమొస్తాది!" మూడోదానికి వచ్చేసరికి ఆయనకు పూనకమే వచ్చింది.

"నేను జగ్గయ్యని మాటాడతన్నాను! నా ఊరు, నా జనం! ఈ పూట గెడ్డపాలెంలో ఏ ఇంటా పొయ్యి ఎలగకూడదు. ఎలిగిందా, నా మీద ఒట్టే! ఎవరి మీదా నా మనసులో ఏటీ నేదు. రండి, నా ఇల్లు మీ ఇల్లే!" అని, చివర్లో పెద్దగా ఒక నవ్వు కూడా నవ్వాడు. నవ్వమని ఎవరూ అడగలేదు.

"వాడనిదానికి ఇంత ఎందుకు నాన్నా?"

"వాడనిదే కదే గుంటా! ఇంక తగ్గడమెందుకు?"

మసాలా నూరుతున్న అప్పలనరసమ్మ తల ఎత్తకుండానే అంది. "ఆ చేత్తోనే పై వీధిలో వదినగారి ఇంటి మీద కూడా నొక్కండి. ఎన్నాళ్ళండీ ఈ పంతాలు?"

"నా ఏలు ఆ సుక్క మీదకి ఎల్లదు," అన్నాడు జగ్గయ్య. "ఆ బావగారొచ్చి మళ్ళీ నా మెతుకులు లెక్కెడతాడు."

తరవాత ఫోను ఒళ్ళో పెట్టుకుని, మామిడిపండు పండిందో లేదో చూసినట్టు ఒక్కో ఎర్ర చుక్కనీ బొటనవేలితో నొక్కాడు. ఎక్కువ ఇళ్ళు పై వీధిలోవే. సత్తిబాబు ఇల్లు నొక్కాడు. దాని పక్కనే గణపతిరావు ఇల్లు. దాన్ని ఒలిచిన అరటితొక్కని దాటినట్టు దాటి, దాని అవతలి ఇల్లు నొక్కాడు. ఎదురిల్లు నొక్కాడు. పై వీధిలో ఆయన వేలు పడనిది ఆ ఒక్క ఇంటి మీదే. నొక్కినప్పుడల్లా ఫోను 'వెళ్ళింది' అని చెప్పింది. అది అబద్ధం చెప్పలేదు. ఎంత దూరం వెళ్ళిందో మాత్రం చెప్పలేదు.

కాసేపటికి సత్తిబాబు వచ్చాడు. ఆయన జగ్గయ్యకు చిన్ననాటి స్నేహితుడు. సగం ఇస్త్రీ అయిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. అరుగు మీద కూర్చోకుండా జగ్గయ్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఒంట్లో బాగానే ఉన్నాదా జగ్గన్నా?"

"నాకేటైందిరా?"

"ముందేమో ఇంటికొకర్ని రమ్మన్నావు. సరే అని నేను సొక్కా ఇస్త్రీ సేసుకుంతన్నాను. ఫోను కింద పెట్టేలోగా మళ్ళీ మోగింది. ఇంటిల్లిపాదీ రమ్మన్నావు. మా ఆడది పెట్టిలోంచి కొత్త సీర తీసింది. మళ్ళీ మోగింది. పొయ్యి ఎలిగించొద్దన్నావు, ఒట్టెట్టేవు. ఉడుకుతన్న పప్పు దించేసి గ్యాసు కట్టేసింది. సరే కదా అనుకుంటే మళ్ళీ ఇంటిల్లిపాదీ, మళ్ళీ పొయ్యి! మళ్ళీ, మళ్ళీ! ఆకరికి ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతెట్టేం. అందులోంచి కూడా నవ్వుతన్నావురా నాయనా!"

జగ్గయ్య కూతురి వైపు చూశాడు. గౌతమి లాప్‌టాప్ వైపు చూసింది. చూస్తుండగానే ఆమె ముఖం పాలు విరిగినట్టు మారింది.

"నాన్నా... నొక్కు ఆగలేదు," అంది.

"ఆగకపోవడమేటి? నేను నొక్కి తీసేసేను కదా!"

"నువ్వు వేలు తీసేశావు నాన్నా, నొక్కు ఆగలేదు. బటను ఇంటి లోపల ఉంది, ఇల్లు వీధి లోపల ఉంది, వీధి ఊరి లోపల ఉంది. బటను మీద నొక్కితే ఆ కబురు బటనుకి తెలిసి ఊరుకోదు. ఇంటికి తెలుస్తాది, అక్కణ్ణించి వీధికి పాకుతాది, వీధి నుంచి ఊరికి. అందరూ ఎవరి పని వాళ్ళు చేసేస్తారు. ఇల్లు ఇంటికొకర్ని పిలిచింది, వీధి ఇంటిల్లిపాదినీ పిలిచింది, ఊరు పొయ్యిలు ఆర్పేసింది. నువ్వు వంటింట్లోంచి అమ్మని కేకేస్తే అరుగు మీద వాళ్ళకీ వీధిలో వాళ్ళకీ వినిపిస్తాది కదా, అలాగ."

"నేనంత గట్టిగా అరుస్తానేటే?" అని జగ్గయ్య అరిచాడు.

"అరుస్తావు," అని వీధిలో పోతున్నవాళ్ళెవరో జవాబు చెప్పారు.

"మరి మజ్జిలో ఆగమని సెప్పాలి కదే దానికి?"

"చెప్పాలి. ఒక్క లైను. మర్చిపోయాను." గౌతమి గొంతు చిన్నబోయింది. "కుళాయి కబుర్లు ఊరి మీదే నొక్కేవాళ్ళం, దాని పైన ఇంకేమీ లేదు. అందుకే ఇన్నాళ్ళూ తెలీలేదు."

ఇక్కడితో ఊరుకుంటే కొంతైనా దక్కేది. కానీ జగ్గయ్య కంగారు పడ్డప్పుడు చేతులు ముందు కదులుతాయి, బుర్ర వెనకాల నడిచివస్తుంది. "ఒక్కొక్కళ్ళకీ మళ్ళీ ఇంటికొకరేనని సెప్పేస్తాను," అంటూ గౌతమి అందుకునే లోపే కింద వీధిలో ఒక చుక్క మీద బలంగా నొక్కాడు. ముందు ఆ ఇంటి ఫోను మోగింది. తరవాత వీధిలో ఫోన్లన్నీ మోగాయి. తరవాత ఊళ్ళో ఫోన్లన్నీ మోగాయి, సత్తిబాబు బియ్యం డబ్బాతో సహా. చివరికి ఇంటింటి నుంచీ కాస్త ముందూ వెనకలుగా జగ్గయ్య నవ్వు వీధి ఈ చివర మొదలై ఆ చివర దాకా పొర్లుకుంటూ పోయింది. తన నవ్వు ఇంత వికారంగా ఉంటుందని జగ్గయ్యకు ఆ రోజే తెలిసింది.

గౌతమి ఫోను లాక్కుంది. "పొరపాటు జరిగిందని ఊరందరికీ ఒక కబురు పంపేద్దాం నాన్నా."

"పంపేవంటే నేను మా పుట్టింటికి పోతాను," అంది అప్పలనరసమ్మ, మసాలా చేతులు కడుక్కుంటూ. "పిలవకపోతే ఒక తిట్టు. పిలిసి, రావొద్దంటే ఏడు తరాల తిట్లు. పిలుపు నోట్లోంచి ఎల్లిపోయింది. ఇంక అది మనది కాదు."

జగ్గయ్య డాబా ఎక్కాడు. ఆదివారం ఆ వేళకి గెడ్డపాలెంలో ప్రతి వంటింట్లోంచీ కుక్కర్లు ఒకదానికొకటి పోటీగా కూస్తుంటాయి. ఆయన చెవి రిక్కించి విన్నాడు. ఒక్క కూత లేదు. ఈ చివర లేదు, ఆ చివర లేదు. ఊరు ఊరంతా పొయ్యి ఆర్పేసి తన మాట మీద కూర్చుంది. జగ్గయ్య పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశాడు. కింద పెరట్లో ఒకే ఒక్క పోతు, దాని చివరి ఆకులు తాపీగా నములుతోంది. ఊరందరికీ పంచితే ఒక్కో ఆకులో దాని వాసన మాత్రం పడుతుందేమో. బావ మాట ఇవాళ నిజమైపోతుంది. మెతుకులు లెక్కపెట్టక తప్పదు.

ఇంతలో ఊళ్ళో పుకార్లు పనిలోకి దిగాయి. ఒక్కసారి పిలిస్తే విందు, ఇన్నిసార్లు పిలిస్తే ఏదో ఉంది. జగ్గయ్యకు చెరకు తోట దున్నుతుంటే లంకెబిందెలు దొరికాయన్నారు. ఆ బిందెలు ఎంతెంత ఉన్నాయో చేత్తో చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. కాదు, కూతురికి కంపెనీవాళ్ళు విశాఖలో సముద్రం ఎదురుగా మేడ రాసిచ్చారన్నారు. విశాఖలో ఫ్యాక్టరీ పనులకి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళ ఫోన్లు కూడా ఆ మ్యాపులో గెడ్డపాలెంలోని సొంత ఇంటి చుక్కకే కట్టేసి ఉన్నాయి. వాళ్ళకీ పొయ్యి వెలిగించొద్దన్న పిలుపు వెళ్ళింది. అక్కడ పొయ్యిలు ఆర్పేసి, పిల్లలకి తలలు దువ్వి, చోడవరం బస్సెక్కేశారు.

అన్నిటికంటే గట్టి పుకారు సర్పంచి పెదబాబు చెవిన పడింది. ఆయన మోటారు సైకిలు వేసుకుని వచ్చి, దిగకుండానే అడిగాడు.

"జగ్గయ్య బాబాయ్! రేపొచ్చే ఎలక్షన్లో నిలబడతన్నావంట?"

"నిలబడ్డానికి నా మోకాళ్ళలో సత్తువేది పెదబాబూ?"

"నాకు తెల్సులే. నిలబడీవోడు ఎవడూ నిలబడతానని సెప్పడు. నేను కూడా అప్పుడు నడుం నొప్పన్నాను." పెదబాబు ఇంటి ముందు చూశాడు. అప్పటికే పిల్లలు, ముసలివాళ్ళు, కొత్త చీరలు, కర్రలు, చంటిపిల్లల ఉయ్యాలలు వీధి మలుపు దాకా నిండిపోయి ఉన్నాయి. "నా జనం, నా ఊరు అన్నావంట. నా కుళాయి ఫోనులోనే అన్నావంట!"

"బాబూ, అది మా గుంట ఒక లైను మర్చిపోయి..."

"లైను సంగతి తరవాత. జనం అంతా నీ పేరు సెప్పుకుని తిని పోతే నేనేటైపోవాలి? మాంసం నీదైతే బియ్యం నాది! బస్తాలు ఇప్పుడే దింపిస్తాను. ఒడ్డించినప్పుడు మాత్రం ఇది పెదబాబు అన్నం అని మైకులో సెప్పాల. సెప్తావా?"

"రెండుసార్లు సెప్తాను," అన్నాడు జగ్గయ్య, సగం ప్రాణం తిరిగి వచ్చి.

బస్తాలు దిగాయి. మైకు కూడా దిగింది. అప్పలనరసమ్మ బస్తాల వైపు చూసి, మొగుడి వైపు చూసింది. "బియ్యం బాగున్నాయి. ఎందులో వండమంటారు? మీ నోట్లోనా?" అవి పెళ్ళిళ్ళ రోజులు. చోడవరంలో అద్దెకిచ్చే పెద్ద గిన్నెలన్నీ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయి ఉన్నాయి. ఇంట్లో ఉన్న గుండిగలో వండితే మొదటి బంతి లేచేసరికి రెండో బంతికి తెల్లారిపోతుంది. పైగా కూర సంగతి కదిపే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడే పై వీధి వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. జనం రెండు పాయలుగా విడిపోయారు. ట్రాక్టరు ముందు సీట్లో తెల్ల పంచె, భుజాన కొత్త తువ్వాలు, గణపతిరావు!

జగ్గయ్య తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. చుక్క మీద వేలు పడకపోయినా మనిషి ఎలా వచ్చాడు? వచ్చినవాడు ఊరికే రాడు. తన పేరు నేలలో కలిసిపోయే ముహూర్తం చూసుకుని, కళ్ళారా చూడ్డానికే వచ్చాడు. లెక్కపెట్టడానికే వచ్చాడు.

గణపతిరావు ట్రాక్టరు దిగాడు. నేరుగా జగ్గయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన మీసం వణుకుతోంది.

"ఒరే జగ్గా," అన్నాడు. "ఎన్నిసార్లు పిలిసేవురా నన్ను?"

జగ్గయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున్న మొదటిసారి నీ గొంతు వినగానే తిట్టేను. ఇంటిల్లిపాదీ రమ్మన్నావు, పెట్టెయ్‌రా ఫోను అన్నాను. మళ్ళీ సేసేవు. మళ్ళీ తిట్టేను. ఈసారి నీ తాత దగ్గర్నించి మొదలెట్టేను. నువ్వు ఒక్క ముక్క ఎదురు సెప్పలేదు. నా మాట నన్ను ఆడనిచ్చి, మనసులో ఏటీ నేదు, నా ఇల్లు మీ ఇల్లే అని నవ్వేవు! మళ్ళీ సేసేవు. నాకు తెల్సిన తిట్లన్నీ అయిపోయేయిరా! నా దగ్గర తిట్లు అయిపోయేయి గానీ నీ దగ్గర నవ్వు అవ్వలేదు. మా ఈదిలో ఎవర్ని అడిగినా ఇంటికొకర్ని పిలిసేడన్నారు. ఒక్క నన్ను మాత్రం ఇంటికొకరని ఒక్కసారి కూడా అన్నేదు! ఇంటిల్లిపాదీ, ఇంటిల్లిపాదీ అని గొంతు అరిగేలాగ పిలిసేవు!"

మాట అక్షరాలా నిజం. ఇంటికొకరు పిలుపు నొక్కిన ఇళ్ళకే వెళ్ళింది. ఆయన ఇల్లు నొక్కలేదు. కానీ పై వీధిలో ఎవరి ఇల్లు నొక్కినా ఆ నొక్కు వీధి దాకా పాకినప్పుడల్లా గణపతిరావు ఫోను మోగింది, ఊరి దాకా పాకినప్పుడల్లా మళ్ళీ మోగింది. ఊరు మొత్తం మీద అందరికంటే గౌరవంగా, అందరికంటే గట్టిగా పిలుపు అందుకున్నది పిలవకూడదనుకున్న ఆ ఒక్క మనిషే.

"బావా, అది నిజానికి..." అని జగ్గయ్య మొదలుపెట్టబోయాడు. అప్పలనరసమ్మ ఆయన కాలి బొటనవేలి మీద తన మడమ మోపి నిలబడింది. నిజం అక్కడికక్కడే నలిగిపోయింది.

"మావయ్యా, క్లిక్ అనేది..." అంటూ గౌతమి ముందుకు వచ్చింది. మహాలక్ష్మమ్మ ట్రాక్టరు తొట్టిలోంచి దిగి, మేనకోడల్ని గట్టిగా కావలించుకుంది. ఆ కావలింతలో మిగతా మాట ఊపిరాడక పోయింది. పిల్ల చెవిలో ఆవిడ మెల్లగా అంది: "నాకు రెండోసారికే తెల్సిపోయింది లేయే. ఒకే నవ్వు అన్నిసార్లు ఏ మనిషీ నవ్వలేడు. మీ మావయ్యకి మాత్రం సెప్పకు. ఆయన ఈ నవ్వు కోసం ఎన్నేళ్ళ నుంచి సూస్తన్నాడో!"

"పొయ్యి ఎలిగించొద్దని ఒట్టెట్టేవు కదా," అంటున్నాడు గణపతిరావు తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ. "తోటలో బెల్లం వండుతన్నాం. పెనంలో పాకం కుతకుతలాడతాంది. నీ మాట మీద ఆ పొయ్యి కూడా ఆర్పేసేను! పాకం పాడైతే పాడైందని ఒంపించేసేను. పెనం కాళీగానే ఉంది కదా అని తొట్టిలో ఎత్తించి తెచ్చేను. సుట్టం ఇంటికి సేతులూపుకుంటూ ఎలా వస్తాను, మందలోంచి రెండు మేకల్ని కూడా ఎక్కించేను."

జనం తొట్టిలోకి చూశారు. అందులో బెల్లం వండే పెనం ఉంది. అది ఎంత పెద్దదంటే, దాని మధ్యలో కూర్చోబెడితే పెదబాబు మోటారు సైకిలుతో సహా చక్కర్లు కొట్టవచ్చని ఆ రోజు చూసినవాళ్ళు ఇప్పటికీ ప్రమాణం చేస్తారు. పెనం చుట్టూ మోపులు మోపులుగా ఎండిన చెరకు పిప్పి, మంటకి. దాని మీద నిలబడి మేకలు ఊరిని పరీక్షగా చూస్తున్నాయి. రెండన్నాడు గానీ తొట్టిలో అంతకంటే ఎక్కువే ఉన్నాయి. బావమరిదికి పెట్టేటప్పుడు గణపతిరావు లెక్క పెట్టలేదు.

ఇక ఊరు కదిలింది. వీధి పక్కన గాడి తవ్వి, పెనం ఎక్కించి, పిప్పి రాజేశారు. గౌతమి గుండిగలో కడిగిన పెదబాబు బియ్యం పెనంలో పోసింది. అన్నం ఒక పక్క రాశి పోశాక, అదే పెనంలో కూర. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు కత్తిపీటలు పట్టుకొచ్చి ఉల్లిపాయలు కోస్తుంటే వీధి మొత్తం ఏడ్చింది. ఎక్కువ ఏడ్చింది గణపతిరావు, ఆయన ఉల్లిపాయల దగ్గర కూడా లేడు. విశాఖ నుంచి వచ్చినవాళ్ళు బస్సు దిగి, లంకెబిందెలు ఎక్కడని అడుగుతూనే చొక్కా చేతులు మడిచి నీళ్ళు మోశారు. పెదబాబు మైకు పట్టుకుని ఇది పెదబాబు అన్నం అని జగ్గయ్య చేత రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి తనే చెప్పుకున్నాడు.

పొద్దు వాలే వేళకి ఆకులు పడ్డాయి. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే బంతి. జగ్గయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని, ఆకు ఆకుకీ వంగాడు. "ఇంకొంచెం! మొహమాటపడకు, నా మీద ఒట్టే!" పొద్దున్న ఫోనులో ఊరికే అన్న మాటలే ఇప్పుడు నోటి నుంచి నిజంగా వస్తున్నాయి. అదే నవ్వు కూడా వచ్చింది. ఈసారి ఆయనకే బాగుందనిపించింది.

"జగ్గన్నా, కూర కాస్త తియ్యగా ఉన్నాదేటి?" అన్నాడు సత్తిబాబు వేళ్ళు నాకుతూ. పెనానికి అంటుకున్న బెల్లం కడిగితే పోయే రకం కాదు.

"సుట్టరికం కలిసిన కూర అలాగే ఉంటాది. నోరు మూసుకుని తిను," అంది అప్పలనరసమ్మ.

భోజనాలు అయ్యేసరికి పెనంలో ఇంకా కూర మిగిలే ఉంది. మేకలు కూడా ఒకటి రెండు మిగిలాయి. గణపతిరావు లేచి, చెయ్యి కడుక్కుని, పెదబాబు దగ్గర మైకు తీసుకున్నాడు. జగ్గయ్య గరిటె కింద పెట్టాడు. ఈ మనిషి చెయ్యి కడుక్కున్నాకే మాట్లాడతాడని ఆయనకు బాగా గుర్తు.

"ఈ ఇంట్లో మెతుకులు లెక్కెట్టి ఒడ్డిస్తారని అన్నది నేనే," అన్నాడు గణపతిరావు. మైకు కూసింది. దాని నెత్తి మీద ఒకటి కొట్టి మళ్ళీ అన్నాడు. "ఇవాళ నా ఆకులో నేనే లెక్కెట్టడం మొదలెట్టేను. మొదటి ఒడ్డనకే లెక్క తప్పిపోయింది. ఇంక ఎవడైనా మా బామ్మర్ది ఇంట్లో లెక్కలంటే, ఆడు నా పెనంలో ఉడుకుతాడు!"

వీధి మొత్తం చప్పట్లు కొట్టింది. జగ్గయ్య చప్పట్లు కొట్టలేదు. ఆయన అప్ప పక్కన కూర్చుని, చిన్నప్పటి లాగే ఆవిడ ఆకులోంచి ఒక ముక్క తీసుకుని తింటున్నాడు.

ఆ సాయంత్రమే గౌతమి మర్చిపోయిన లైను రాసేసింది. ఇప్పుడు ఇంటి మీద నొక్కితే ఆ నొక్కు ఇంటితోనే ఆగుతుంది. వీధికి పాకదు, ఊరికి పొర్లదు. ఎన్ని ఇళ్ళ మీద నొక్కి చూసినా నొక్కిన ఇంటి ఫోను ఒక్కటే మోగింది. జగ్గయ్య స్వయంగా పరీక్షించి, కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంజనీరంటే నువ్వేనే అన్నాడు.

కొన్నాళ్ళకి జగ్గయ్య ఇంట్లో గేదె ఈనింది. జున్ను తిందురు రమ్మని ఆయన మొట్టమొదట గణపతిరావు ఇంటి చుక్క మీదే నొక్కాడు. ఆ చుక్కకి గౌతమి ఇప్పుడు ఇంటిల్లిపాదీ పిలుపే కట్టింది. ఒక్క నొక్కు, ఒక్క పిలుపు, శుభ్రంగా వెళ్ళింది. చీకటి పడినా ఎవరూ రాలేదు. ఆఖరికి మహాలక్ష్మమ్మ ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ అలిగి మంచమెక్కేసేడు. ఒక్కసారి పిలిసి ఊరుకున్నాడు, మనసులో ఏదో పెట్టుకున్నాడంతన్నాడు. ఫోను గుండెల మీద పెట్టుకుని సూస్తన్నాడురా."

గౌతమి లాప్‌టాప్ తెరిచింది. నాన్న ఊళ్ళో ఎవరి ఇంటి మీద నొక్కినా, ఆ నొక్కు అక్కడ ఆగే ముందు ఒక్క గణపతిరావు ఇంటి దాకా మాత్రం పాకి, ఇంటిల్లిపాదినీ పిలిచి, చివర్లో నవ్వి రావడానికి దారి వదిలింది. ఏ లైను ఎందుకు రాశామో దాని పక్కనే ఒక ముక్కలో రాసిపెట్టడం ఆ పనిచేసేవాళ్ళ ఆనవాయితీ. ఆ లైను పక్కన ఆమె రాసింది ఒకటే మాట: మావయ్య.